భట్టీ మీది సీసా

2006 మే 4, గురువారం

మళ్లీ చచ్చిపోయాయి. కరెంటు పోయి వచ్చేసరికి మా ల్యాబ్ వాటర్‌బాత్‌లో నీళ్లు చల్లబడ్డాయి. అరవై అయిదు డిగ్రీల వేడి ఉంటే తప్ప పెరగని బాక్టీరియా ఇవి. ప్రొద్దుటూరులో మామయ్య నూనెమిల్లు వెనక, వానకు తడిసి లోలోపల కుళ్లుతూ పొగలు కక్కే వేరుశనగ పొట్టు గుట్టలో చెయ్యి కాల్చుకుని మరీ పట్టుకొచ్చాను. కర్నూలు మే నెల మనకే ఎండాకాలం, వాటికి చలికాలం.

మా గైడు వాసుదేవ్ సార్ తిట్టలేదు. ఆయన తిట్టకపోతేనే నాకు భయం. పోతూ పోతూ, "జూన్ ఆఖరుకు ఎంజైము హైదరాబాదుకు పంపాలమ్మా వాసవీ. వాళ్లకు మనమొక్కరమే కాదు గదా," అన్నాడు. అక్కడ దాన్ని స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేలతో దాని రూపం చూస్తారు. పంపాలంటే ఎంజైము కావాలి. ఎంజైముకు వైరస్ కావాలి. వైరస్‌కు తినడానికి బాక్టీరియా కావాలి. బాక్టీరియాకు వేడి కావాలి, వేడికి కరెంటు కావాలి. కరెంటు కోసం ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియదు.

ఇంటికొచ్చి నాయన అంగట్లో కూర్చున్నాను. ఎదురుగా గౌస్ పీర్ మామ బేకరీ. వీధి అంతా కరెంటు లేదు, ఆయన బన్నులు మాత్రం వస్తూనే ఉన్నాయి. కట్టెల భట్టీ. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అది చల్లారింది లేదు.

మే 6, శనివారం

భట్టీ పైన ఇటుకల గట్టు ఉంది. దాని మీద థర్మామీటరు పెట్టి పొద్దుటి నుంచి చూశాను. అరవై మూడుకు తగ్గలేదు, అరవై ఏడు దాటలేదు. కాలేజీ ఇవ్వలేనిది గౌస్ మామ తుమ్మకట్టెలు ఇస్తున్నాయి.

"ఈడ ఒక సీసా పెట్టుకుంటా మామా, రేపు పొద్దున్నే తీసేస్తా."

"పెట్టుకో బిడ్డా. దానికేంటికి అడుగుతాండావు?"

మామ భార్య మహబూబ్ అత్త సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. "ఏముండాది దీంట్లో?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "మందు లాంటిదే అత్తా," అన్నాను.

వైరస్ అంటే ఆ మాట వీధి చివర మలుపు తిరిగేసరికి ఏమవుతుందో నాకు తెలుసు. కోమట్ల పిల్లనై, అంగట్లో పెరిగి, ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా. అందుకే సీసా మీద పేరు కూడా రాయలేదు. పేరు రాయని సీసా ల్యాబ్‌లో కనిపిస్తే వాసుదేవ్ సార్ నేలకేసి కొడతాడు. ఇది ల్యాబ్ కాదు కదా.

మా దగ్గర ఏదీ పారేయం. ఆసుపత్రి నుంచి వచ్చే ఖాళీ గ్లూకోజు సీసాలే మా పరికరాలు. కడిగి, ఉడకబెట్టి, మూతికి దూది బిరడా పెట్టుకుంటాం. ఎక్కువైనవి రెండు అత్తకు ఇచ్చాను, ఇంట్లో దేనికైనా పనికొస్తాయని. సంతోషపడింది.

మే 10, బుధవారం

తేటపడింది! నిన్న సాయంత్రం గంజిలా ఉన్న సీసా పొద్దున చూస్తే తేటగా, లేత పసుపు రంగులో, అడుగు కనపడేటట్టు ఉంది. వైరస్ గెలిచింది. ప్రతి బాక్టీరియాలోకీ దూరి, లోపల పిల్లల్ని పెట్టి, పగలగొట్టుకుని బయటికొచ్చింది. గట్టు దగ్గరే గంతులేశాను. ఎంజైముకు ఇదొక్కటే చాలదు, మామనడిగి ఇక్కడే ఇంకో సీసా పెట్టుకుంటా.

మామ కూతురు రిహానా పురిటికి పుట్టింటికి వచ్చింది కదా, లోపలి గదిలోంచి నవ్వింది. పదో తరగతి దాకా ఒకే బెంచీ మాది. పుట్టబోయే బిడ్డకు టోపీ కుడుతోంది. "ఏమే, సీసాను చూసి ఎగురుతాండావు?" అంది.

దాని చేతిలో దారాలు చిక్కుపడి ఉన్నాయి. వాటితోనే చెప్పాను. వైరస్ తన డీఎన్‌ఏను కాపీల మీద కాపీలు తీసుకుంటుంది. ఆ హడావుడిలో పోగులు ఒకదాన్నొకటి దాటి, నాలుగు దారుల కూడలిలాగా అతుక్కుపోతాయి. వైరస్ తల అంటే చిన్న డబ్బా, కూడళ్లున్న డీఎన్‌ఏ అందులోకి దూరదు. అప్పుడు నా ఎంజైము వస్తుంది. కొన్ని ఎంజైములు డీఎన్‌ఏ మీది అక్షరాలు చదివి కోస్తాయి. ఇది అక్షరాలు చూడదు, కూడలి ఆకారం చూస్తుంది. రెండు ఒకే రకం ముక్కలు జతకట్టి, రెండు అరచేతుల మధ్య పట్టుకున్నట్టు కూడలిని పట్టుకుంటాయి. ఒక్కో చేతిలో ఒక లోహపు పరమాణువు, అదే కత్తి అంచు. ఎదురెదురు పోగుల్ని రెండూ కోస్తే ముడి విడిపోతుంది. ఒక్క వైపే కోస్తే విడిపోదు, వేలాడుతుంది.

"నీ ఎంజైము మా అత్తగారింట్లో ఉంటే బాగుండు," అంది రిహానా. ఎంత నవ్వామో.

వైరస్ అన్న మాట దాని దగ్గర అన్నాను. అది ఎవరికీ చెప్పదు.

మే 14, ఆదివారం

కీళ్ల జ్వరం మా వీధికి వచ్చింది. పేపర్లో పేరు చికున్‌గున్యా. మనుషులు గోడలు పట్టుకుని నడుస్తున్నారు. దోమ అంటున్నారు డాక్టర్లు. వీధి వాళ్లు మాత్రం ఆ పేరులో చికెన్ వినపడిందని కోడి అంటున్నారు. చికెన్ అంగడి దావూద్ నీళ్లు చల్లుకుని, కత్తి కడుక్కుని, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కరూ పోలేదు. ఆయన అమ్మే కోడికీ ఈ జ్వరానికీ సంబంధం లేదని నాయనకు చెప్పాను.

"నాకు తెలుసమ్మా. ఈ బజారుకు ఎవరు చెప్తారు?" అన్నాడు నాయన.

మే 17, బుధవారం

దావూద్ అంగడి షట్టరు వేసేశాడు.

మే 18, గురువారం

నాయనకు జ్వరం. పిడికిలి మూసుకోవడం లేదు. త్రాసు పట్టుకోలేకపోయాడు. పొద్దున అంగడి తీసినవాడు ఎండ ముదరకముందే మంచం ఎక్కాడు.

కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ నాయన తల కింద చెయ్యి పెట్టి లేపుతోంది. మహబూబ్ అత్త ఇంట్లో దర్గా నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. దర్గా పెద్దాయన పింగాణీ పళ్లెం మీద కుంకుమపువ్వు నీళ్లతో రాసి, కడిగి, సీసాకు పట్టి ఇస్తాడు. చిన్నప్పుడు నాకూ తాపేవారు. అమ్మ శుక్రవారం వాసవీ మాత గుడికి పోతుంది, జ్వరమొస్తే మహబూబ్ బీ దగ్గరికి పోతుంది. ఇందులో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు.

"భట్టీ గట్టు మీద ఉండాది తీసుకోపో అనింది. మూడు పూటలు తాపాలంట," అంది అమ్మ.

ఇత్తడి చెంచాలో పసుప్పచ్చ నీళ్లు. నాయన కళ్లు మూసుకుని మింగాడు, మొహం చిట్లించాడు. నేను నవ్వి ఊరుకున్నాను. వాళ్ల నమ్మకం వాళ్లది, నీళ్లే కదా అనుకున్నాను.

మే 19, శుక్రవారం

పొద్దున భట్టీ మీది నా సీసా ల్యాబ్‌కు తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టాను. తేటగా ఉంది. రేపు తెరుస్తాను. నాయనకు జ్వరం తగ్గలేదు.

మే 20, శనివారం

దూది తీయగానే కుంకుమపువ్వు వాసన వచ్చింది.

మే 20, మళ్లీ

రాయాలి. రాస్తే తప్ప కూర్చోలేను.

ల్యాబ్‌లో నా ముందున్న సీసా దర్గా నీళ్లు. నా సీసా మా ఇంట్లో దేవుని గదిలో ఉంది. రెండూ ఒకే రకం గ్లూకోజు సీసాలు, రెండింటికీ దూది బిరడాలు. నన్ను చూసి అత్త కూడా దూదే పెట్టడం నేర్చుకుంది. రెండూ లేత పసుపు. రెండూ ఒకే గట్టు మీద. ఏ సీసా మీదా పేరు లేదు.

మూడు పూటలూ అయిపోయాయి. మా నాయన తాగింది నా వైరస్‌ను.

ఏం కాదు. ఏమీ కాదు. నాకు తెలిసింది రాసుకుంటాను. ఈ వైరస్ తన బాక్టీరియాలోకి తప్ప దేనిలోకీ దూరలేదు. మనిషి కణానికి దాని తాళం పట్టదు. అరవై అయిదు డిగ్రీల జీవి, మనిషి ఒంట్లో ముప్పై ఏడు. నా ఎంజైము వేడికి చెదిరిపోకుండా గట్టిగా బిగించి కట్టినట్టుంటుంది, ఆ బిగువు వల్లే చల్లబడితే కదలలేదు. కోయలేదు. కోయలేదు. మా నాయన కడుపులోకి పోయిన కత్తి మొద్దుది.

ఇంత తెలిసీ ఆగలేకపోయాను.

ఇంటికి పరుగెత్తి వచ్చాను. దేవుని గదిలో వాసవీ మాత పటం పక్కన సీసా ఉంది, సగానికి తగ్గింది. అమ్మ చూడకుండా ఒక చుక్క తీసి ల్యాబ్‌కు తెచ్చి సూక్ష్మజీవులకు మేత పోసిన ప్లేటు మీద పూశాను. ముప్పై ఏడు డిగ్రీల దగ్గర పెట్టాను. మనిషికి చెడు చేసే సూక్ష్మజీవి ఏదైనా ఆ నీళ్లలో ఉంటే ప్లేటు మీద చుక్కలుగా లేస్తుంది.

మే 21, ఆదివారం

నాయన వాంతి చేసుకున్నాడు. నొప్పుల బిళ్లల వల్ల. బిళ్లల వల్లే.

అమ్మకు చెప్పలేదు.

మే 22, సోమవారం

ప్లేటు శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క లేదు. గట్టు మీద వేడిలో ఉన్నంతసేపూ అందులో ఇంకేదీ పెరగలేదు. అంటే నాయన తాగినప్పుడు అది ఉప్పు, బాక్టీరియాకు మేతగా పోసిన పులుసు, వైరస్, అంతే. సంతోషించాలి. సంతోషించాను.

సాయంత్రం నాయనను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. వాంతి సంగతి విని, "బయటివి ఏమన్నా తాపినారా? ఆకు పసరు, నాటు మందు?" అని అడిగాడు.

"ఏం లేదు సార్," అంది అమ్మ. దర్గా నీళ్ల మాట చెప్తే కోప్పడతాడని.

ఆమె పక్కన నేను. నా వంతు కూడా వచ్చినట్టు డాక్టరు నా వైపు చూశాడు. బయట బెంచీ మీద మా వీధి వాళ్లు కూర్చుని ఉన్నారు, మధ్యలో ఒక గుడ్డ తెర. నేను నోరు తెరిచి వైరస్ అంటే అది తెర దాటుతుంది. గౌస్ పీర్ బేకరీలో వైరస్ పెంచుతున్నారంట, మహబూబ్ బీ శెట్టిగారికి తాపిందంట. దావూద్‌కు నాలుగు రోజులు పట్టింది. వీళ్లకు ఒక పూట చాలు.

"ఏం లేదు సార్," అన్నాను నేనూ.

దావూద్ షట్టరు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. గౌస్ మామను కాపాడడానికే ఊరుకున్నాను. ఇది నిజం. నిజమే కదా.

మే 23, మంగళవారం

ఆ సీసా పారేయాలి. ఈ రోజు కుదరదు, ఈ మూడు రోజులూ నేను దేవుని గదిలోకి పోకూడదు. ఎవరినైనా తీసి ఇమ్మని అడిగితే ఎందుకని అడుగుతారు.

మే 24

నాయన అన్నం తిన్నాడు. కొంచెం.

మే 26, శుక్రవారం

రేపు పారేస్తాను.

వాసుదేవ్ సార్ అడిగాడు, సీసా ఏమైందని. పగిలిపోయిందని చెప్పాను. ఇప్పుడు అబద్ధాలు చాలా సులువుగా వస్తున్నాయి, కూడికలు వచ్చినట్టు.

మే 29, సోమవారం

నాయన లేచి అంగట్లో కూర్చున్నాడు! వేళ్లు ఇంకా ఉబ్బి ఉన్నాయి. త్రాసు పట్టలేడు కానీ గుమాస్తా మీద కేకలు వేయగలుగుతున్నాడు. ఆ కేకలు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఈ జ్వరం తగ్గే జ్వరమే, వారం పది రోజులకు అందరికీ తగ్గుతోంది. నా సీసాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, రావడానికీ లేదు, పోవడానికీ లేదు. అయిపోయింది. ఇంక దీని గురించి రాయను.

జూన్ 1, గురువారం

అమ్మ ఎదురింటి అరుగు మీద కూర్చుని మహబూబ్ అత్తకు చెప్తుంటే విన్నాను. "మీ నీళ్లే కాపాడినాయి అక్కా. డాక్టరు బిళ్లలకు వాంతులైనాయి. మీ నీళ్లకే లేచినాడు." అత్త రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది.

నవ్వొచ్చి ఉండాల్సింది. రాలేదు. నిందకు భయపడ్డాను కానీ పొగడ్తకు భయపడాలని నాకు తోచలేదు.

రిహానాకు పొద్దుటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉందట. నెలలు నిండాయి.

ఆ సీసా ఇంకా దేవుని గదిలోనే ఉందా? చూశాను. ఉంది. తేటగా లేదు, మసకగా ఉంది. అమ్మ ఇంట్లోనే ఉంది. ఒక చుక్క మాత్రం తీశాను. ఎందుకు తీశాను? పారేయక చుక్క ఎందుకు? పరీక్ష చేస్తే నేను ఏదో చేస్తున్నట్టు ఉంటుంది, అందుకని.

జూన్ 3, శనివారం

అంతా వరసగా రాయాలి.

పొద్దున ల్యాబ్‌లో ప్లేటు తీశాను. నిండా లేచాయి. తెల్లవి, బూడిదవి, అంచులు చిందరవందరగా పాకినవి. వేడి లేని గదిలో, పులుసు లాంటి ఆ నీళ్లలో, తాపే చెంచా ముంచిన నీళ్లలో, గాలిలో ఉన్నవన్నీ వచ్చి కాపురం పెట్టాయి. ఇప్పుడది వైరస్ సీసా కాదు. కుళ్లిన కూడు. ఆరోగ్యంగా ఉన్నవాడు తాగినా మంచం పడతాడు.

ఇంటికి వచ్చి స్నానం చేసి దేవుని గదిలోకి పోయాను. పటం పక్కన నీళ్ల చెమ్మ గుండ్రంగా మరక కట్టి ఉంది. సీసా లేదు.

"అమ్మా, ఇక్కడి సీసా ఏది?"

"మహబూబ్ బీకి ఇచ్చినానే. రిహానాకు జ్వరం గదా, వాళ్లింట్లో నీళ్లు అయిపోయినాయంట. మీ నాయనకు పని చేసిందే గదా, ఆ పిల్లకూ పని చేస్తాది అని ఇప్పుడే ఇచ్చొచ్చినా. ఏంటికే అట్ల..."

చెప్పులు వేసుకోలేదు. అంగట్లోంచి నాయన ఏదో అన్నాడు. బేకరీలో జనం ఉన్నారు, వాళ్లను తోసుకుని భట్టీ పక్క నుంచి లోపలికి పోయాను. రిహానా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహం కందిపోయి. మహబూబ్ అత్త తల మీద కొంగు కప్పుకుని, గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. చదవడం అయింది. గ్లాసు మీద ఊదింది. రిహానా నోరు తెరిచింది.

గ్లాసును చేత్తో కొట్టాను. దుప్పటి మీద అంతా ఒలికింది.

"అది దర్గా నీళ్లు కాదు అత్తా. నాది. నేను గట్టు మీద పెట్టిన సీసా. మందు కాదు. వైరస్. ఇప్పుడు కుళ్లిపోయింది కూడా."

ముందు అర్థమైంది రిహానాకు. "నువ్వు చెప్పిన ఆ కోసే కత్తిదా?" అంది, కడుపు మీద చెయ్యి వేసుకుని. ఆ చెయ్యి నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఒక్క చుక్కన్నా తాగినావా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

మహబూబ్ అత్త గ్లాసు తీసి పక్కన పెట్టింది. నెమ్మదిగా అడిగింది. "మీ నాయన తాగింది ఇదేనా?"

"ఇదే."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మూడు పూటలూ అయినాక. మూడో రోజు."

"మరి ఏంటికి చెప్పలేదు?"

"మీ పేరు చెడుతుందని అత్తా. దావూద్ అంగడి చూసినావు కదా. బజారులో ఒక్క మాట పడితే మామ బేకరీ..."

"మా పేరు దాచిపెట్టేకి నీకు ఎవరిచ్చినారు? మేమిచ్చినామా? ఒక్కసారన్నా మమ్మల్ని అడిగినావా?" గొంతు పెరగలేదు, అదే నాకు భయం. "పేరు పోతే పోతాది. బన్నులు అమ్ముకోకపోతే కూలికి పోతాం. నా బిడ్డ నోటికాడికి వచ్చేదాకా నీకు నోరు రాలేదా వాసవీ?"

వాసవమ్మా అనేది నన్ను. ఎప్పుడూ.

గౌస్ మామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, మోచేతుల దాకా పిండి. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. ఒక్క మాట అడిగాడు.

"ఆ సీసాతో మా రొట్టెకేమన్నా అయిందా బిడ్డా?"

"లేదు మామా."

"నిజంగానా?"

నిజంగానా అని అడిగాడు. చిన్నప్పుడు ఆయన గల్లాపెట్టె మీద కూర్చుని బిస్కట్లు తిన్నదాన్ని. ఆ మాట నన్ను ఆయన ఎప్పుడూ అడగలేదు.

అత్త నా మణికట్టు పట్టుకుంది. వీధి దాటించి మా అంగడి ముందర నిలబెట్టింది. "మీ నాయనకు చెప్పు. మీ అమ్మను కూడా పిలువు." చెప్పాను. అంగట్లో ఇద్దరు బేరగాళ్లు ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను, వైరస్ అన్న మాటతో సహా. ఇన్నాళ్లు నేను ఏ మాటకు భయపడ్డానో అది గాలిలోకి పోయింది, తిరిగి రాదు.

అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "దేవుని ముందర పెట్టినానే! హారతి ఇచ్చినానే దానికి!" అంది. ఇంకే సమయంలోనైనా నవ్వేదాన్ని.

నాయన ఉబ్బిన వేళ్లు చూసుకున్నాడు. తర్వాత బేరగాళ్ల వైపు తిరిగి అన్నాడు. "ఇన్నారు గదా. ఎవరన్నా అడిగితే గౌస్ పీర్‌ను అడగొద్దండి, నన్ను అడగమనండి. తాగినోణ్ని నేను. బతికే ఉండా. పొరపాటు మా పిల్లది, వాళ్లది కాదు." నా వైపు మాత్రం చూడలేదు.

ఇంత సులువా? ఈ నాలుగు మాటలు నాయన మొదటి రోజే అనగలిగేవాడు. నేను చెప్పి ఉంటే.

జూన్ 4, ఆదివారం

రిహానాకు జ్వరం ఎక్కువైంది. ఆసుపత్రికి తీసుకుపోయారు. నన్ను రమ్మనలేదు.

నెలలు నిండిన తల్లికి ఈ జ్వరమొస్తే బిడ్డకూ రావచ్చని ఒకచోట చదివాను. ఇంక చదవను.

జూన్ 6

గౌస్ మామ బేకరీకి జనం పల్చబడ్డారు. ట్రేలో బన్నులు మిగిలిపోయాయి. నాయన గుమాస్తాను పంపలేదు, తనే గోడ పట్టుకుని లేచి వీధి దాటి పోయి, రెండు బన్నులు కొని, అంగడి ముందర నిలబడి అందరికీ కనపడేటట్టు తిన్నాడు. నాకు మిగల్చలేదు.

జూన్ 7, బుధవారం

వాసుదేవ్ సార్‌కు మొత్తం చెప్పాను. సీసా పగలలేదని కూడా. ఎంత తిట్టాడో, ల్యాబ్ బయట అటెండరు బసవన్న కూడా తల దించుకున్నాడు. తిట్టినందుకు ప్రాణం కుదుటపడింది. ఇంక ఆ భట్టీ లేకుండా జూన్ ఆఖరుకు ఎంజైము పోదు. హైదరాబాదుకు ఆయనే ఫోన్ చేసి మా వంతు వదులుకున్నాడు. మళ్లీ ఎప్పుడు ఇస్తారో, ఇస్తారో లేదో. మూడేళ్ల పని.

తర్వాత ఒక మార్కరు నా చేతిలో పెట్టి, "అన్నిటి మీదా రాయి. ఖాళీ వాటి మీద కూడా ఖాళీ అని రాయి," అన్నాడు. చీకటి పడేదాకా రాశాను.

జూన్ 10

నాయన రోజూ రెండు బన్నులు. ఈ రోజు పక్కన దావూద్ కూడా నిలబడి తిన్నాడు.

జూన్ 11

రిహానాకు జ్వరం దిగిందట. అమ్మ చెప్పింది. ఎవరు చెప్పారని అడిగితే, "మహబూబ్ బీ. నాతో మాట్లాడుతుంది," అంది. నీతో కాదు అని అనలేదు.

జూన్ 15, గురువారం

ఆడబిడ్డ. రిహానా బాగానే ఉంది. బిడ్డకు ఒళ్లు వెచ్చగా ఉందని గాజు పెట్టెలో పెట్టారు.

జూన్ 16

గాజు పెట్టెలోనే.

జూన్ 17

భట్టీ ముందు నుంచి పోవాలంటే కాళ్లు రావడం లేదు. గట్టు మీద చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఏదీ పెట్టడం లేదు వాళ్లు.

జూన్ 19, సోమవారం

బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టారట. ఇంటికి తీసుకొస్తున్నారట. రిహానా కబురు పంపింది, వాసవి రాకపోతే నేనే వస్తానని. బాలింతరాలు వీధి దాటి వస్తే ఇంకో పాపం నాకు.

పోయాను. గౌస్ మామ రా బిడ్డా అన్నాడు, అంతే. రిహానా పక్కన మూటలాగా బిడ్డ, నెత్తిన ఆ దారాల టోపీ. పెద్దది అయింది, కళ్ల మీదికి జారుతోంది. మహబూబ్ అత్త నా వైపు చూడకుండా గిన్నె ఒకటి తెచ్చుకుని మంచం మీద కూర్చుంది. గిన్నెలో తేనె. పుట్టిన బిడ్డకు మొదటి రుచి పెద్దవాళ్లు తాపుతారు వీళ్లలో. ఆసుపత్రిలో కుదరలేదు, ఇంట్లో పెడుతున్నారు. ఆమె చూపుడు వేలు తేనెలో ముంచింది.

తేనె. నెలల బిడ్డకు తేనె పెట్టకూడదు. తేనెలో కొన్నిసార్లు నిద్రపోయే గింజల్లాంటి సూక్ష్మజీవులు ఉంటాయి. పెద్దవాళ్ల కడుపులో అవి మేలుకోవు, పసిబిడ్డ కడుపులో మేలుకుని విషం చేయగలవు. ఎక్కడో ఒకరికి జరుగుతుంది. ఈ వీధిలో పుట్టిన బిడ్డలందరూ తేనె నాకినవాళ్లే, అందరూ బతికే ఉన్నారు. ఇప్పుడు ఈ మాట అంటే, ఈమె నన్ను ఇంట్లోకి రానిచ్చిన మొదటి రోజున, వాళ్ల ఆచారం మీద వేలు పెడితే, ఇంక ఈ గుమ్మం నాకు ఉండదు. ఏం కాదులే. వేలంత తేనె. ఏమీ కాదు.

ఏమీ కాదు అన్న మాట నాకు బాగా గుర్తు.

"అత్తా, పెట్టొద్దు," అన్నాను. "తేనె పెట్టొద్దు అత్తా. ఏడాది నిండేదాకా. దాంట్లో..." ఏం ఉంటుందో చెప్పాను. ఎంత అరుదో కూడా చెప్పాను. కోపం వస్తే రానీ అని కూడా అన్నట్టున్నాను.

ఆమె వేలు బిడ్డ పెదాల దగ్గరే ఆగి ఉంది, తేనె చుక్క జారి ఆమె మణికట్టు మీద పడింది. నన్ను చూసింది, జూన్ మూడు తర్వాత మొదటిసారి.

వేలు ఇటు తిప్పి నా నోట్లో పెట్టింది.

"ఈ తూరి ముందే చెప్పినావు గదా, వాసవమ్మా," అంది.